దొంగ సీసా

ఆ వేసవి మా ఇంట్లో ఎవరూ మొదటి ముద్ద పొడితో తినలేదు.

అంతకు ముందు పద్నాలుగేళ్ళుగా అదొక ఆచారం. భోజనానికి కూర్చోగానే మా వదిన ఉమామహేశ్వరి వేడి అన్నంలో కంది పొడి, నెయ్యి వేసి కలిపి, తలా ఒక ముద్ద అరచేతిలో పెట్టేది. మా ఆయన శశికాంత్‌కి యాభై దాటాయి. జెర్సీ సిటీలో పెద్ద ఉద్యోగం, చేతికింద పదిమంది. అయినా అక్క ముద్ద పెట్టేదాకా పసివాడిలా చెయ్యి చాచుకుని కూర్చునేవాడు. నేనూ చాచేదాన్ని. బయటి ఇంటి నుంచి వచ్చినదాన్నే అయినా నా వంతు ఏనాడూ తప్పలేదు. ఏప్రిల్‌లో ఒకరోజు ఆవిడ పొడి సీసా బల్ల మీంచి తీసి అలమరలో పెట్టేసింది. ఎందుకని ఎవరమూ అడగలేదు.

భర్త పోయాక శశి స్పాన్సర్ చేస్తే ఈ దేశం వచ్చిందావిడ. ఊరికే కూర్చోలేక పొడులు కొట్టడం మొదలుపెట్టింది. అది పెరిగి పెరిగి ఎడిసన్‌లో గోడౌన్‌లాంటి గదిలో లైసెన్సున్న వంటగది అయింది. ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద ఏడు దుకాణాల్లో మా సీసాలుండేవి. కంది పొడి, పల్లీ పొడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడి. చెయ్యి అక్కది, నోరు గీతది అనేవాడు శశి. గీత అంటే నేనే, గీతాంజలిని. దుకాణాలవాళ్ళతో మాట్లాడటం, కాగితాలు, లేబుళ్ళు నా వంతు. అన్ని లేబుళ్ళూ ఒకే ఎర్రమట్టి రంగులో ఉండాలని పట్టుబట్టింది కూడా నేనే. వరసగా పేర్చితే అందంగా ఉంటాయని నా గొప్ప.

ఏప్రిల్ రెండో వారంలో, కంది పొడి అని రాసి ఉన్న మా సీసాలో పల్లీ పొడి ఒకరింటికి వెళ్ళింది. జయంతి అనే ఆవిడ కొన్నది. ఆవిడ కూతురు హంసికకి ఎనిమిదేళ్ళు, వేరుశనగ పడదు. తల్లి లేబుల్ చదివి, ముద్ద కలిపి, తన చేత్తోనే పెట్టింది. పిల్ల పెదాలు వాచాయి, గొంతు పూడుకుపోయింది. తొడ మీద ఇంజెక్షన్ పొడిచి, అంబులెన్స్ పిలిచి, రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. పిల్ల బతికింది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, చదివేవాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చోవడం ఎందుకు?

డజను సీసాల్లో అలా జరిగిందని తేలింది. మిగతా పదకొండూ దుకాణాలు తిరిగి వెనక్కి తెచ్చాం. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినావిడ సీసా మీది తేదీ చూసి, మా నోట్‌బుక్ తిరగేసి మార్చి నెలలో ఒక పేజీ దగ్గర ఆగింది. ఆ రోజు లేబుళ్ళు ఎవరు అంటించారు అన్నచోట వదిన సంతకం ఉంది. పొద్దున్నే పని మొదలుపెట్టేటప్పుడు ఆవిడే పెట్టింది. ‘ఉమ’ అని రెండక్షరాలు, తెలుగులో.

"మీ, మై సైన్" అంది వదిన వచ్చీరాని ఇంగ్లీషులో, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని. ఇన్‌స్పెక్టర్ ఆ పేజీ ఫోటో తీసుకుంది. మళ్ళీ జరక్కుండా ఏం చేస్తారో రాసి, చేసి చూపించేదాకా వంటగది మూసెయ్యమంది.

ఆ వారమే శశి అక్కని కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. శుక్లం మొదలైందన్నారు. హమ్మయ్య, అందరికీ కారణం దొరికింది. కారణం దొరికితే మనుషులు ఎంత హాయిగా నిద్రపోతారో ఆ నెలలో చూశాను. పాపం పెద్దావిడ, కళ్ళు కనపడలేదు, ఏం చేస్తుంది అన్నారు దుకాణాలవాళ్ళు. ఎవరూ ఒక్క మాట తూలలేదు. అదే ఆవిడని తినేసింది.

"సీసా ఊపితే చాలదుటే? కంది పొడి జారుతుంది, పల్లీ పొడి నూనెకి గోడకంటుకుంటుంది. కళ్ళెందుకు దానికి? ఆ మాత్రం తెలియని చెయ్యి ఇంకెందుకు?" అంది నాతో. సెప్టెంబర్ ఐదుకి డాలస్ టికెట్ బుక్ చేయమని శశికి చెప్పింది. కూతురు స్మృతి అక్కడుంది. "దాని పిల్లాణ్ణి ఆడిస్తా. చంపకుండా ఉంటే చాలు."

ఆవిడ వెళితే మా వంటగదీ లేదు, మా ఇల్లూ మునుపటి ఇల్లు కాదు. అంతకంటే పెద్ద సంగతి, ఒక పిల్లని దాదాపు చంపానన్న నమ్మకంతో ఆవిడ వెళుతోంది. ఎలాగైనా ఆపాలనుకున్నాను. దానికి నాకు తోచిన దారి ఒక యంత్రం.

*

యంత్రం సంగతి చెప్పింది కోటేశ్వరరావు గారు. ఏళ్ళ తరబడి మా పొడులు కొనే ఖమ్మం ఆయన, అరవై ఏడేళ్ళు. సోమర్‌సెట్ వైపు ఒక మందుల ప్యాకింగ్ ప్లాంట్‌లో ఇరవై రెండేళ్ళు మెకానిక్‌గా చేశాడు. ఆ ప్లాంట్ మూతపడింది. సామాను వేలం వేస్తున్నారు.

"ముందు నీ లేబుళ్ళ రంగు మార్చు బిడ్డా, మిషను సంగతి తర్వాత" అన్నాడు నా గోడు విని.

"మార్చాను బాబాయ్ గారూ. కందికి పసుపు, పల్లీకి నీలం. కానీ రంగుని నమ్మి మళ్ళీ పొయ్యి వెలిగించమంటే మా వదిన వెలిగించదు. మనిషి కన్ను కానిది ఏదైనా కాపలా ఉండాలి."

"చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటున్నవ్" అన్నాడు. అని, మర్నాడు ఆ ప్లాంట్‌కి వెళ్ళడానికి తనే ముందు కారెక్కాడు.

మే నెలలో వేలం ముందు చూసుకోవడానికి ఒకరోజు తలుపులు తీశారు. అంత పెద్ద హాలు, సగం దీపాలు ఆర్పేసి ఉన్నాయి. యంత్రాలన్నిటికీ నంబరు కాగితాలు కట్టారు. కోటేశ్వరరావు గారు వాటి మధ్య పెళ్ళివారింట్లో చుట్టాల్ని పలకరించినట్టు నడిచాడు. ఇదెప్పుడూ మొండిదే, ఇది మంచిది, దీన్ని బాగుచేస్తూ నా వేలు పోయేది అంటూ. నాలుగో లైను చివర ఒకదాని ముందు ఆగాడు. మనిషి నడుమెత్తు ఉంది. చిన్న బెల్టు, రెండు కెమెరాలు, పక్కన ఇనప చెయ్యి, ఆ చేతికి ఎదురుగా తాళమున్న డబ్బా.

"సీసా ఈ బెల్టు మీద పోతది. పై కెమెరా మూత మీద గుర్తు చూస్తది, పక్క కెమెరా లేబుల్ చూస్తది. పొడి నింపేటప్పుడు మూతకి ఒక గుర్తు అంటించాలె. తర్వాత లేబుల్ అంటించేటప్పుడు పొరపాటయితే రెండూ కలవయి. కలవకపోతే గీ చెయ్యి తోసేస్తది. డబ్బాకి తాళం, చెవి ఒక్కరి దగ్గర. పాపం పోనీలే అని బతిమాలుకునుడు ఉండదు."

దాని తలుపు తీస్తే లోపల మార్కర్‌తో తెలుగులో రాసి ఉంది: మెల్లగా ముయ్యి, బోల్టు లూజు.

"నేనే రాసిన. మా మేనేజర్‌కి తెలవద్దని తెలుగుల" అన్నాడు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి కొంచెంసేపు నిలబడ్డాడు. ఆయన ముఖంలో నాకు కనపడింది దిగులే. ఇంట్లో ఏప్రిల్ నుంచీ చూస్తున్నదే కాబట్టి గుర్తుపట్టాను.

పనిచేస్తుందో లేదో తెలియదు అని వేలంవాళ్ళే రాశారు కనక పెద్దగా ఎవరూ పోటీకి రాలేదు. మాకే వచ్చింది. శుక్రవారంలోగా తీసుకుపొమ్మంటే అద్దె ట్రక్కులో తాళ్ళతో కట్టి, దుప్పట్లు చుట్టి తెచ్చి, మూసి ఉన్న వంటగది మధ్యలో దించాం. వదిన చూడటానికి రాలేదు.

*

జూన్ అంతా దానికే పోయింది. కెమెరా అద్దం మీద చూపు మసకబారేంత పొర. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయి, దానికి నేర్పిన చదువంతా చెరిగిపోయింది. ఎర్ర దీపాల్లో సగం వెలగవు. ఇనప చేతికి గాలి తీసుకెళ్ళే గొట్టం చీలింది, తోయమంటే నిట్టూర్చి ఊరుకుంటుంది. కోటేశ్వరరావు గారు పొద్దున తొమ్మిదికి వచ్చి టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని మొదలుపెట్టేవాడు. నేను టార్చి పట్టడం, మరలు గిన్నెలో వేయడం, ఫోన్‌లో పాత పార్టులు వెతకడం. ఒహాయోలో ఎవరి దగ్గరో అలాంటి కెమెరాయే ఒకటి పగిలినది దొరికితే, అద్దం కోసం అది తెప్పించాం. రెండు చచ్చిన వాటితో ఒక బతికినది చేశాడాయన. నడుము పట్టేసి ఆయనా, నిలబడలేక నేనూ, మధ్యాహ్నానికి చెరో సంచి మీద కూలబడేవాళ్ళం.

ఒకరోజు పక్క కెమెరా విప్పుతుంటే దాని వెనక సందులోంచి చిన్న అట్టముక్క రాలింది. దాని మీద మందు సీసా లేబుల్ ఒకటి చక్కగా అంటించి ఉంది. కోటేశ్వరరావు గారు దాన్ని ఠక్కున జేబులో పెట్టుకోబోయాడు. నేను చూశానని తెలిసి ఆగాడు.

"ఏంటి బాబాయ్ గారూ అది?"

"ఏముంది, మా దొంగతనం." నవ్వలేదు. "లైను ఆగిపోతుంటే పైనుంచి ఒత్తిడి. గీ అట్టని కెమెరా ముందట పెడితే అది మంచి లేబులే చూస్తుంటది. బెల్టు మీద ఏం పోయినా సరే. ఒక గంట అట్ల నడిపి మళ్ళ తీసేస్తుంటిమి. ఏం కాలేదనుకో, మా అదృష్టం. కానీ చేసినం."

"మరి ఇంత పెద్ద యంత్రం ఎందుకు?"

"మిషను మంచిదే బిడ్డా. తొందర చెడ్డది." మర బిగిస్తూ అన్నాడు, "ఇరవై రెండేండ్లల్ల నేను చూసిన తప్పులన్నీ ఒక్క తీరే. సీట్ల కూసున్న మనిషి చెయ్యడు. ఆ మనిషి లేచి పోయినప్పుడు, రెండు నిమిషాలే కదా అని మధ్యల నిలబడ్డ మనిషి చేస్తడు. మీ దగ్గర ఆ రోజు మధ్యల ఎవరు నిలబడ్డరు?"

మార్చి నెల, శనివారం. వదినకి స్మృతి ఫోన్ చేసింది, పిల్లాడికి జ్వరమని. లోపల సిగ్నల్ రాక ఆవిడ బయటికి వెళ్ళింది. నాలుగింటికల్లా పెట్టెలు కావాలని దుకాణం అతను నా చెవిలో అరుస్తున్నాడు. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, బల్ల మీదున్న ట్రే లాక్కుని, పక్కనున్న చుట్టలోంచి లేబుళ్ళు లాగి అంటించాను. పన్నెండు. పెట్టెలో సర్ది టేపు కూడా వేసేశాను. చుట్ట కందిది. ట్రే ఏదో చూడలేదు. ఆ వారం పల్లీ పొడి ఒక ట్రే తక్కువ వచ్చిందేమిటే, లెక్క కూడా మర్చిపోతున్నా అని వదిన అనడం గుర్తొచ్చింది.

"టార్చి కదులుతుంది బిడ్డా" అన్నాడు కోటేశ్వరరావు గారు.

రెండు చేతులతో పట్టుకున్నాను. "నాకు గుర్తులేదు బాబాయ్ గారూ" అన్నాను.

*

తేలు కుట్టిన దొంగ అంటారు కదా, జూలై అంతా నా బతుకు అదే. ఇంట్లో ఎవరూ నన్నేమీ అనరు. అనకపోతే మాత్రం ఏం, కుట్టింది కుట్టినట్టే సలుపుతోంది.

నాకు నేను చెప్పుకున్న సాకులు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అందరూ వదినని క్షమించేశారు కదా, నన్ను మాత్రం క్షమిస్తారా? చదువుకున్నదాన్ని, కళ్ళు బావున్నదాన్ని. పైగా జయంతి ఫిర్యాదు చేస్తే? యంత్రం తయారైపోనీ, వదిన తిరిగి వచ్చేస్తుంది, అప్పుడు చెప్పనక్కర్లేకుండానే అన్నీ సర్దుకుంటాయి. నా దొంగ లెక్క అది. రాని నిద్రకి నేను పాడుకున్న జోలపాట.

వదిన సామాను సర్దడం మొదలుపెట్టింది. కూర చేస్తే "ఉప్పు చూడవే" అని గరిటెతో నా దగ్గరికి వచ్చేది. ఏళ్ళ తరబడి వాసన చూసి ఉప్పు చెప్పిన మనిషి! పొడుల కొలతలన్నీ నన్ను రాసుకోమంది.

"కందిపప్పు నాలుగు దోసిళ్ళు. మిరపకాయలు రెండు గుప్పిళ్ళు. జీలకర్ర చారెడు."

"చారెడంటే ఎంత వదినా?"

"చారెడంటే చారెడే." అరచెయ్యి దొప్పలా పట్టి చూపించింది. మళ్ళీ ఆ చేతిని తనే చూసుకుని దించేసింది. "వద్దులే. కాటా తే. గ్రాముల్లో రాసుకో. నా చేతి లెక్క నమ్మకు."

కాటా తెచ్చాను. ఆవిడ చారెడు జీలకర్ర పోసింది. పద్దెనిమిది గ్రాములు. ఇంకోసారి పోసింది. పద్దెనిమిది. మూడోసారీ పద్దెనిమిదే. అంకె కనపడక కళ్ళజోడు పైకెత్తి, "ఎంతొచ్చిందే?" అని అడిగింది. ఆ క్షణంలో చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. "పద్దెనిమిది" అని మాత్రం చెప్పి రాసుకున్నాను. 

*

ఆగస్టు మూడో వారానికి యంత్రం నడిచింది. కెమెరాలకి మా పొడుల గుర్తులు ఒక్కొక్కటే నేర్పాం. చక్కగా అంటించిన సీసాలు వందకి వందా దాటించింది. ఇన్‌స్పెక్టర్ సోమవారం వస్తానంది. శనివారం మధ్యాహ్నం కోటేశ్వరరావు గారు నాతో, "మీ వదినని తీసుకురా. ఇది ఒక్కరితోటి అయ్యే పని కాదు" అన్నాడు.

రానంటే రానంది. సంతకం కావాలి, కాగితం పని అని చెప్పి తీసుకొచ్చాను. నాలుగు నెలల తరవాత వంటగదిలో అడుగుపెట్టి ఆవిడ ముందు పొయ్యి వైపు చూసింది, తరవాత సింక్ దగ్గరికెళ్ళి చేతులు కడుక్కుంది. అలవాటు. కోటేశ్వరరావు గారు వంగి నమస్కారం పెట్టాడు.

"అమ్మా, మా ప్లాంట్‌ల ఒక పద్ధతి ఉండె. రోజూ లైను మొదలుపెట్టే ముందు ఒక దొంగ సీసా పంపాలె. తప్పని తెలిసే చేసిన సీసా. మిషను దాన్ని బయటికి తోస్తేనే ఆ పూట పని. తొయ్యకపోతే అందరం ఇంటికి. మంచి సీసాని దాటించుడు గొప్ప కాదు కదా, బెల్టు కూడా దాటిస్తది. చేసేటోళ్ళు ఒకరు, చూసేటోళ్ళు ఒకరు, ఇద్దరూ సంతకం పెట్టాలె."

ఇలా అని పల్లీ పొడి సీసా ఒకటి తీసి, పల్లీ గుర్తున్న మూత పెట్టి, పసుపు రంగు కంది లేబుల్ వదిన చేతికిచ్చాడు. ఆయనకేం తెలుసు. పెద్దావిడ కదా, మొదటిది ఆవిడ చేత్తో కావాలని మర్యాద.

వదిన సీసా అందుకుంది. ఒక్కసారి ఊపింది. పొడి గోడకంటుకుంది. చూసింది. లేబుల్ ఒక అంచు లేపింది, అంతే, అక్కడే ఆగిపోయింది. 

"తెలిసి తెలిసి ఇంకోసారా?" అంది. ఎవరినీ చూసి అనలేదు. "నావల్ల కాదండీ."

ఆ చేతులు చూశాను. నాలుగు నెలల బట్టీ ఆ చేతులు మోస్తున్నది నాది.

"ఇలా ఇవ్వండి వదినా. అది నేను చేసే పనే" అన్నాను.

"ఎవరు చేస్తే ఏముందిలే, నువ్వే చెయ్యి."

"అది కాదు. మార్చిలో ఆ డజనూ అంటించింది నేను. స్మృతి ఫోన్ చేస్తే మీరు బయటికెళ్ళారు. ట్రే ఏదో చూడకుండా అంటించేశాను."

కోటేశ్వరరావు గారు బిగించిన మరనే మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు.

"పల్లీ ట్రేనా?" అంది వదిన.

"అవును."

"అయితే ఆ వారం ఒక ట్రే తక్కువ రావడం…"

"అదే. మీ లెక్క సరిగ్గానే ఉంది."

ఆవిడ సీసాని బల్ల మీద పెట్టింది. సగం లేచిన లేబుల్‌ని వేలితో మళ్ళీ కాగితానికి అద్దింది. "ఎప్పుడు గుర్తొచ్చింది?"

ఇప్పుడే గుర్తొచ్చిందని చెప్పొచ్చు. చెబితే నమ్మేది. "జూన్‌లో" అన్నాను.

"జూన్‌లో." తల ఊపింది. "ఇది ఆగస్టు."

"అవును వదినా."

"శశికి తెలుసా?"

"లేదు."

"ఆ పిల్ల తల్లికి?"

"లేదు."

కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బావుండేది.

"కారు తియ్యి" అంది.

*

జయంతి ఇల్లు పావుగంట దూరం. దారి పొడుగునా వదిన కిటికీలోంచి బయటికే చూసింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం, "కాటా తెమ్మన్నప్పుడు కూడా తెలుసన్నమాట" అంది. పచ్చదీపం పడితే కారు కదిపాను. 

తలుపు హంసిక తీసింది. ముందు పళ్ళు రెండు లేవు. "అమ్మా! పొడి ఆంటీ వాళ్ళు వచ్చింది!" అని ఇక్కడ పుట్టిన పిల్లల తెలుగులో అరుస్తూ లోపలికి పరిగెత్తింది. ఏప్రిల్ తరవాత ఆ పిల్లని నేను చూడటం అదే మొదలు. వదిన మాత్రం ప్రతి గురువారం ఫోన్ చేసి క్షేమం కనుక్కునేదట. ఆ సంగతి నాకు అక్కడే తెలిసింది.

జయంతి శనివారమైనా ఆఫీస్ కాల్ మధ్యలోంచి లేచి వచ్చినట్టుంది, మెడలో హెడ్‌సెట్ అలాగే ఉంది. కూర్చోమంది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. సాకులు ఒక్కటీ చెప్పలేదు, నాలుగు వాక్యాల్లో అయిపోయింది.

ఆవిడ మెడలోంచి హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టింది. మాట్లాడితే గొంతులో కోపం లేదు, ఓపిక కూడా లేదు.

"ఎవరు అంటిస్తే ఏంటండీ గీత గారూ. నేను లేబుల్ చదివాను. రెండుసార్లు చదువుతాను నేను, ఎప్పుడూ. చదివి, నా చేత్తో కలిపి పెట్టాను. అప్పట్నించి దానికి చేత్తో పెట్టలేకపోతున్నా. స్పూన్ ఇచ్చేస్తున్నా." వదిన వైపు తిరిగింది. "ఆంటీ, మీరు ఇన్ని వారాలు నాకు సారీ చెబుతుంటే, పోనీలెండి పోనీలెండి అన్నాను. అయ్యో."

"నాదేం ఉందమ్మా" అంది వదిన. "నీది కూడా ఏం లేదు. నువ్వు చదివింది నువ్వు నమ్మావు. నమ్మకపోతే ఎట్లా బతుకుతాం? పిల్లకి చేత్తో పెట్టు. మా పొడి పెట్టకు, పప్పన్నం పెట్టు. చేత్తో పెట్టు."

జయంతి ముఖం పక్కకి తిప్పుకుంది. నన్ను మాత్రం క్షమించానని అనలేదు. గుమ్మం దాకా వచ్చి, "చెప్పడానికి వచ్చారు. అది చాలు, ఇవాళ్టికి" అంది.

ఇంటికొచ్చాక శశికి నేనే చెప్పాను. "రెండు నెలలా?" అన్నాడు. అక్కకి ఎదురుగా కూర్చోలేక ప్లేటు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

*

సోమవారం నేను లేచేసరికే వదిన కారు దగ్గర నిలబడి ఉంది, చేతిలో టిఫిన్ డబ్బాతో. ఎక్కడికని నేను అడగలేదు. వంటగదిలో చేతులు కడుక్కుని, అలమరలోంచి పాత నోట్‌బుక్ తీసి, మార్చి పేజీ తెరిచి బల్ల మీద పెట్టింది. తన సంతకం పక్కన వేలు ఆనించి పెన్ను నాకిచ్చింది. చివరి ట్రే, పన్నెండు సీసాలు అని రాసి, కింద నా పేరు రాశాను. గీత అని కాదు, పూర్తిగా. ఆవిడ కళ్ళజోడు పైకెత్తి అక్షరం అక్షరం చదువుకుంది.

"ఆ కొత్త పుస్తకం తే" అంది తరవాత.

యంత్రం పక్కన పెట్టడానికి కోటేశ్వరరావు గారు గీతలు గీసి ఇచ్చిన పుస్తకం అది. రెండు గడులు. తప్పు చేసినవారు, చూసినవారు. ప్లాంట్‌లో ఇంగ్లీషులో ఏముండేదో ఏమో, ఆయన తెలుగులో అలా రాశాడు.

"దొంగ సీసా నువ్వు చెయ్యి" అంది వదిన. "ఇవాళ అని కాదు. రోజూ నువ్వే. నేను చూస్తా."

ఇన్‌స్పెక్టర్ వచ్చాక, పల్లీ సీసాకి కంది లేబుల్ అంటించి బెల్టు మీద పెట్టాను. ఎర్ర దీపాల కింద అది నెమ్మదిగా వెళ్ళింది. ఇనప చెయ్యి బుస్సుమని చాచి దాన్ని డబ్బాలోకి తోసేసింది. ఇన్‌స్పెక్టర్ ఏదో రాసుకుని, ఇక వంటగది తెరుచుకోమంది. వదిన డబ్బా తాళం తీసి, సీసా చూసి, ఊపి, పొడి చెత్తలో పారబోసి, తాళం వేసి, తాళంచెవి నడుం దగ్గర దోపుకుంది. నేను మొదటి గడిలో సంతకం పెట్టాను. రెండో గడిలో ఆవిడ రెండక్షరాలు పెట్టింది.

సెప్టెంబర్ ఐదు వచ్చింది, పోయింది. టికెట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. పొద్దున్నే దొంగ సీసా, సంతకాలు, తరవాత వేయింపులు. పని మాటలు తప్ప ఆవిడ నాతో ఏమీ మాట్లాడేది కాదు. శనివారాలు కోటేశ్వరరావు గారు వచ్చి కెమెరా అద్దం తుడిచి, మా ఇద్దరి ముఖాలూ చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళేవాడు.

ఆ నెల చివర్లో ఒక ఆదివారం, భోజనాల దగ్గర ఆవిడ అలమరలోంచి పొడి సీసా తీసింది. సీసాని ఒకసారి ఊపింది. వేడన్నంలో కలిపి, నెయ్యి వేసి, శశి అరచేతిలో ఒక ముద్ద పెట్టింది. తను ఒకటి తింది. నేను చెయ్యి చాచాలా వద్దా అని తేల్చుకోలేక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మూడో ముద్ద చేసింది. కాసేపు అలాగే పట్టుకుంది. తరవాత నా కంచం అంచున పెట్టి, కూర వడ్డించడానికి లేచింది.

ఇదివరకు చేతిలో పెట్టేది. నేను ఆ ముద్ద తీసుకుని, ఒక్క మెతుకు కూడా వదలకుండా తిన్నాను.